చైనా రాజకీయాల్లో కన్ఫ్యూషియస్ మాట వినిపిస్తే దానిని చదవడం ఎలా?

2011 జనవరిలో బీజింగ్‌లోని తియానన్మెన్ కూడలి పక్కన, జాతీయ మ్యూజియం ముంగిట, ప్రాచీన ఆలోచనాపరుడు కన్ఫ్యూషియస్ తొమ్మిదిన్నర మీటర్ల ఎత్తున్న కంచు విగ్రహాన్ని ఆవిష్కరించారు. వంద రోజులు గడిచాయో లేదో, ఏప్రిల్‌లో ఒక రాత్రివేళ ఏ ముందస్తు ప్రకటనా లేకుండా దానిని అక్కడి నుంచి తీసి మ్యూజియం లోపలి ప్రాంగణంలోకి మార్చారు. తియానన్మెన్ ద్వారం మీద మావో చిత్రపటం మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఆ మావో పాలనలోనే, 1966 నవంబరులో, బీజింగ్ నుంచి వెళ్లిన రెడ్ గార్డులు, అంటే సాంస్కృతిక విప్లవపు యువదళాలు, కన్ఫ్యూషియస్ పుట్టిన ఊరు చూఫులో ఆలయ విగ్రహాలనూ శిలాఫలకాలనూ పగులగొట్టి, ఆయన వంశీకుల సమాధులను తవ్విపోశారు. అదే చూఫుకు 2013 నవంబరులో షీ జిన్‌పింగ్ వెళ్లారు. మరుసటి సెప్టెంబరులో బీజింగ్‌లో జరిగిన కన్ఫ్యూషియస్ 2565వ జయంతి సదస్సులో ప్రసంగించారు.

ఇంతమంది ఇన్ని దిక్కులకు లాగిన ఆలోచనాపరుడి పేరు మన పత్రికల్లో మాత్రం సాధారణంగా ఒకే అర్థంలో కనిపిస్తుంది: చైనీయులది కన్ఫ్యూషియన్ సంస్కృతి కనుక వారు పెద్దల మాటకు, ప్రభుత్వం మాటకు ఎదురు చెప్పరు అని. ఈ వాక్యాన్ని నమ్మే ముందు పరీక్షించడం ఎలాగో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. చైనా, తైవాన్, సింగపూర్, హాంకాంగ్, ఇండోనేషియా వార్తలను శ్రద్ధగా చదివే తెలుగు పాఠకులకు చైనీస్ భాష రాకపోయినా ఈ పద్ధతి పనికివస్తుంది.

ఏ కాలపు మాటో మొదట తేల్చుకోండి

కన్ఫ్యూషియస్ క్రీ.పూ. 551 నుంచి 479 వరకు, నేటి షాన్‌డాంగ్ ప్రాంతంలోని లూ రాజ్యంలో జీవించాడు. ఆయన స్వయంగా రాసినదని నిశ్చయంగా చెప్పగల గ్రంథం లేదు. శిష్యులు, వారి శిష్యులు కూర్చిన సంభాషణల సంపుటి ‘లున్‌యూ’, 20 అధ్యాయాలలో, మనకు మిగిలింది. తరువాత మెన్షియస్, షున్‌జీ పరస్పరం విభేదిస్తూనే ఈ సంప్రదాయాన్ని పెంచారు. 12వ శతాబ్దంలో జు షీ నాలుగు గ్రంథాలను ఎంచి వ్యాఖ్యానం రాశాడు. ఆ తరువాతి శతాబ్దాలలో, 1905లో రద్దయ్యే వరకు, సామ్రాజ్య ఉద్యోగ పరీక్షలకు ఆ వ్యాఖ్యానమే ఆధారమైంది. చైనీయులు ఈ సంప్రదాయాన్ని కన్ఫ్యూషియస్ పేరుతో పిలవరు, ‘రూ’ అంటారు. అంటే పండితుల మార్గం. ‘కన్ఫ్యూషియస్’ అన్న రూపం జెసూయిట్ మతగురువుల లాటిన్ నుంచి వచ్చింది.

ఇది పరీక్షల కోసం కంఠస్థం చేయాల్సిన చరిత్ర కాదు. రాజు మంత్రికి, తండ్రి కొడుకుకు, భర్త భార్యకు అధిపతి అనే ‘మూడు బంధాల’ సూత్రాన్ని కన్ఫ్యూషియస్ బోధగా చాలామంది ఉటంకిస్తారు. ఆ సూత్రం లున్‌యూలో లేదు. కన్ఫ్యూషియస్ మరణించిన కొన్ని శతాబ్దాలకు, హాన్ సామ్రాజ్యం స్థిరపడిన తరువాత, ఆస్థాన పండితులు దానికి రూపమిచ్చారు. అందువల్ల ఒక ఉటంకింపు కనిపించగానే, అది లున్‌యూలోనిదా, మెన్షియస్‌దా, లేక పరిపాలనా అవసరాల కోసం తరువాత చేరినదా అని చూడాలి. ఇందుకు ‘చైనీస్ టెక్స్ట్ ప్రాజెక్ట్’ అనే ఉచిత వెబ్‌సైటులో మూలమూ, 19వ శతాబ్దంలో జేమ్స్ లెగ్ చేసిన ఆంగ్లానువాదమూ పక్కపక్కనే దొరుకుతాయి. 12.7 అని ఉంటే 12వ అధ్యాయం, 7వ భాగం అని అర్థం. అనువాదాన్ని బట్టి ఈ సంఖ్య ఒకటి రెండు అటూ ఇటూ కావచ్చు, కనుక సంఖ్య కలవలేదని ఉటంకింపును అబద్ధమనుకోకూడదు.

విడిచిపెట్టిన సగాన్ని వెతకండి

నా దృష్టిలో ఈ పద్ధతి మొత్తానికి ఇదే ప్రాణం. కన్ఫ్యూషియన్ నీతిలో బాధ్యత దాదాపు ఎప్పుడూ ఇద్దరి మధ్య ఉంటుంది, ఇద్దరినీ కట్టిపడేస్తుంది. అధికారంలో ఉన్నవారు ఉటంకించేటప్పుడు సాధారణంగా కిందివాడి బాధ్యత మిగులుతుంది, పైవాడి బాధ్యత రాలిపోతుంది. ఏ సగం రాలిపోయిందో కనిపెడితే ఉటంకించిన వారి ఉద్దేశం చాలావరకు తెలిసిపోతుంది.

ఛీ రాజ్య ప్రభువు సుపరిపాలన గురించి అడిగినప్పుడు కన్ఫ్యూషియస్ చెప్పిన సమాధానం (12.11) చూడండి: రాజు రాజుగా, మంత్రి మంత్రిగా, తండ్రి తండ్రిగా, కొడుకు కొడుకుగా ఉండడమే. ఎవరి హద్దులో వారుండాలన్న ఆజ్ఞగా దీనిని ఉటంకించడం సులభం. కాని ఆ వరుసలో మొదట నిలబడిన వాడు రాజు. రాజు రాజులా ప్రవర్తించకపోతే ఏమిటన్న ప్రశ్న ఆ వాక్యంలోనే పొంచి ఉంది. ఆ ప్రశ్నకు మెన్షియస్ వెనుకాడకుండా సమాధానం చెప్పాడు. క్రూరుడైన షాంగ్ వంశపు చివరి రాజును ఒక సామంతుడు చంపడం రాజహత్య కాదా అని అడిగితే, కరుణనూ న్యాయాన్నీ నాశనం చేసినవాడు ఒక మామూలు మనిషి మాత్రమే, ఆ మనిషిని శిక్షించారని విన్నాను గాని రాజును చంపారని వినలేదు అన్నాడు. ప్రజలే అన్నిటికన్నా ముఖ్యం, రాజు అందరికన్నా తక్కువ అని కూడా ఆయనే అన్నాడు. ఈ మాటలు మింగ్ వంశ స్థాపకుడైన హోంగ్‌వూ చక్రవర్తికి ఎంత ఇబ్బంది కలిగించాయంటే, 1394లో మెన్షియస్ గ్రంథం నుంచి 85 భాగాలను తీసివేయించి సంక్షిప్త ప్రతి తయారు చేయించాడు. కత్తిరింపు ఎంత పాతదో ఆ ఒక్క సంఘటన చెబుతుంది.

లున్‌యూ 12.7లో శిష్యుడు జిగోంగ్ పాలనకు ఏం కావాలని అడుగుతాడు. తిండి, సైన్యం, ప్రజల నమ్మకం అంటాడు గురువు. ఒకటి వదులుకోవాల్సి వస్తే? సైన్యం. ఇంకొకటి? తిండి; నమ్మకం లేకపోతే ప్రజలు నిలబడరు. ఆర్థికాభివృద్ధే ప్రభుత్వానికి తగిన అర్హత అని కన్ఫ్యూషియస్ పేరు మీద ఎవరైనా వాదిస్తే ఈ భాగాన్ని గుర్తు చేసుకోండి. అలాగే ప్రభువును ఎలా సేవించాలన్న ప్రశ్నకు, అతనిని మోసం చేయవద్దు, ముఖం మీద ఎదిరించు అన్న సమాధానం 14.22లో ఉంది.

ఆచరణలో చేయవలసినది చిన్న పనే. ఉటంకించిన భాగాన్ని తెరిచి, దానికి ముందు వాక్యమూ తరువాతి వాక్యమూ చదవండి. ఎవరు అడిగారు, వారికి ఎంత అధికారముంది అన్నది చూడండి. పాలకుడు అడిగితే చెప్పిన సమాధానాన్ని పాలితుల మీద ప్రయోగిస్తున్నారా అన్నది అక్కడే తేలుతుంది.

తెలుగు మాట పెట్టేముందు ఆగండి

మనకు ధర్మం, మర్యాద, సామరస్యం అనే మాటలు చేతికి అందేంత దగ్గరలో ఉన్నాయి, ప్రమాదమూ అక్కడే ఉంది. ‘లీ’ అనే మాటలో పూజావిధి, పెళ్లి తంతు, పలకరింపు, రాజసభ నియమం అన్నీ ఉన్నాయి. దానిని ‘మర్యాద’ అంటే సగం పోతుంది. ‘రెన్’ను ధర్మం అంటే మన వర్ణాశ్రమ చర్చలన్నీ దానికి అంటుకుంటాయి, మానవీయత అనడం మేలు. తల్లిదండ్రుల పట్ల ఉండవలసిన ‘షియావ్’లో సేవతో పాటు, వారు పొరపాటు చేస్తే మెల్లగా చెప్పవలసిన బాధ్యత కూడా ఉంది (4.18).

అన్నిటికంటే ఎక్కువగా దుర్వినియోగమైన మాట ‘హ’, సామరస్యం. ఉత్తముడు సామరస్యంగా ఉంటాడు గాని అందరిలా ఒకేలా ఉండడు; అల్పుడు ఒకేలా ఉంటాడు గాని సామరస్యంగా ఉండడు అని 13.23 అంటుంది. దీని అర్థం తెలియాలంటే కన్ఫ్యూషియస్ కాలానికే చెందిన మంత్రి యాన్ యింగ్ చెప్పినట్లుగా ప్రాచీన చరిత్రగ్రంథం ‘జువోజువాన్’లో ఉన్న పోలిక చదవాలి. సామరస్యం పులుసు వంటిది అంటాడాయన: నీరు, నిప్పు, పులుపు, ఉప్పు, మాంసం వేర్వేరుగా ఉంటేనే రుచి కుదురుతుంది, నీళ్లలో నీళ్లు కలిపితే ఎవరు తింటారు? రాజు సరే అన్నదానిలో తప్పుంటే మంత్రి ఆ తప్పు చెప్పాలి, అదే సామరస్యం. రాజు అన్నదే తానూ అనడం నీళ్లలో నీళ్లు కలపడం. హూ జింటావ్ హయాంలో, 2004 తరువాత, ‘సామరస్య సమాజం’ కమ్యూనిస్టు పార్టీ అధికార నినాదమైంది. అదే కాలంలో ఇంటర్నెట్‌లో తొలగించిన రాతలను గురించి చైనా యువత ‘దానిని సామరస్యం చేసేశారు’ అనడం మొదలుపెట్టింది. ఆ యువతలో ఎంతమంది యాన్ యింగ్‌ను చదివారో గాని, నీళ్లలో నీళ్లు కలపడాన్ని మాత్రం వారు సరిగానే గుర్తుపట్టారు.

ఒకే వాక్యాన్ని రెండు తీరాల నుంచి చదవండి

‘లీజీ’ అనే గ్రంథంలో కన్ఫ్యూషియస్ నోట పలికించిన ఒక భాగం ఉంది. మహామార్గం నడిచిన కాలంలో లోకం అందరిదీ. సజ్జనులనూ సమర్థులనూ ఎన్నుకునేవారు. తమ తల్లిదండ్రులనే తల్లిదండ్రులుగా, తమ పిల్లలనే పిల్లలుగా చూడలేదు. దానినే ‘దాతోంగ్’, మహా ఐక్యం, అంటారు. ఆ మార్గం మరుగున పడ్డాక లోకం కుటుంబాల సొత్తయింది. ఆచారాలతో, కోటలతో నెట్టుకువచ్చే ఆ రెండవ దశ పేరు ‘షియావ్‌కాంగ్’, ఓ మాదిరి క్షేమం.

1979 డిసెంబరులో జపాన్ ప్రధాని ఒహిరాతో మాట్లాడుతూ డెంగ్ షియావోపింగ్ చైనా ఆధునికీకరణ లక్ష్యానికి వాడిన పేరు ఆ షియావ్‌కాంగే. నాలుగు దశాబ్దాల తరువాత, 2021 జులై 1న, పార్టీ శతజయంతి సభలో ఆ లక్ష్యం నెరవేరిందని షీ జిన్‌పింగ్ ప్రకటించారు. మొదటి సగమేమో మరో పక్షం దగ్గర ఉంది. 1924లో వాంపోవా సైనిక విద్యాలయంలో చైనా రిపబ్లిక్ స్థాపకుడు సన్ యాట్‌సెన్ ఇచ్చిన సందేశమే చైనా రిపబ్లిక్ జాతీయగీతమైంది. నేటికీ తైవాన్‌లో పాడే ఆ గీతంలో దాతోంగ్ వైపు సాగుదాం అన్న పిలుపు ఉంది. ‘లోకం అందరిదీ’ అన్న నాలుగు అక్షరాలు నాన్‌జింగ్‌లో సన్ సమాధి ద్వారం మీద ఉన్నాయి, అవే శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్ డ్రాగన్ గేటు మీద కూడా ఉన్నాయి. బే ఏరియాలోని తెలుగువారు చాలామంది ఆ అక్షరాల కింద నుంచి నడిచే ఉంటారు. ఇక ‘సజ్జనులనూ సమర్థులనూ ఎన్నుకోవడం’ అన్న మాటను తైవాన్‌లో ఎన్నికల వేళ ఓటర్లను ఉద్దేశించి వాడతారు. ప్రధాన భూభాగంలో అదే మాట పార్టీ తన అధికారులను దశలవారీగా ఎంపిక చేసే పద్ధతికి సమర్థనగా పనికివస్తుంది. వాక్యం ఒక్కటే. ఎన్నుకునేది ఎవరన్నది ఆ వాక్యం చెప్పదు, ఆ ఖాళీలోనే రెండు రాజ్యవ్యవస్థలు నిలబడి ఉన్నాయి.

వారసత్వం కోసం జరిగిన పోటీకి కన్ఫ్యూషియస్ వంశమే సాక్షి. 77వ తరం వారసుడు కుంగ్ తె-చెంగ్ 1949లో కమ్యూనిస్టుల చేతిలో ఓడిన చియాంగ్ కై-షెక్ ప్రభుత్వం వెంట తైవాన్‌కు వెళ్లి, 1984 నుంచి 1993 వరకు అక్కడి పరీక్షల శాఖకు అధ్యక్షుడిగా ఉన్నారు. చూఫులో సమాధులు తవ్విన కాలంలోనే, 1966 చివర, చియాంగ్ తైవాన్‌లో చైనా సాంస్కృతిక పునరుజ్జీవన ఉద్యమాన్ని ప్రకటించాడు. అసలైన చైనా తన దగ్గరే ఉందని చెప్పుకోవడానికి అంతకు మించిన అవకాశం ఆయనకు దొరకదు. అయితే ఆ పాఠాలను సైనికపాలన నీడలో నేర్చుకున్న తైవానీయులలో చాలామందికి కన్ఫ్యూషియస్ పేరు వినగానే చియాంగ్ పాలనే గుర్తుకొస్తుందన్నది మరచిపోకూడదు. తైవాన్ పాఠ్యపుస్తకాలలో ప్రాచీన చైనీస్ ఎంత ఉండాలన్న వివాదాలు అందుకే అంత వేడెక్కుతాయి.

సింగపూర్, హాంకాంగ్, జకార్తా

సింగపూర్ ఉదాహరణ ప్రత్యేకంగా గమనించదగినది, ఎందుకంటే అక్కడ ప్రభుత్వం కన్ఫ్యూషియస్‌ను బడిలో పాఠంగా పెట్టి చూసి, తరువాత తీసివేసింది. 1984లో మత విజ్ఞాన పాఠాలలో బైబిల్, ఇస్లాం, బౌద్ధం, హిందూ, సిక్కు పాఠాలతో పాటు కన్ఫ్యూషియన్ నీతి కూడా ఒక ఐచ్ఛికమైంది. తూ వైమింగ్ వంటి పండితులను విదేశాల నుంచి పిలిపించారు. అయినా బౌద్ధ పాఠాన్ని ఎంచుకున్నవారే ఎక్కువ. మతాల మధ్య పోటీ పెరుగుతోందన్న భయంతో 1989లో ఆ విధానాన్ని విరమించే నిర్ణయం తీసుకున్నారు. 1991 జనవరిలో ‘ఉమ్మడి విలువల’ శ్వేతపత్రం వచ్చింది: సమూహం కన్నా దేశం, వ్యక్తి కన్నా సమాజం ముందు, సంఘర్షణ కాదు, ఏకాభిప్రాయం. ఈ విలువలు కన్ఫ్యూషియస్ పేరు లేకుండా కన్ఫ్యూషియనిజాన్ని రుద్దడమేనా అని మలయులూ భారతీయులూ అనుమానపడగలరని ఆ పత్రమే గుర్తించి, కాదని సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. చైనీయులు నాలుగింట మూడు వంతులున్న దేశంలో అల్పసంఖ్యాకులుగా బతుకుతున్న మన వారికి ఆ అనుమానం పరాయిది కాదు.

1994లో సింగపూర్ తొలి ప్రధాని లీ క్వాన్‌యూ ఒక ప్రసిద్ధ ఇంటర్వ్యూలో ఆసియా సమాజాలకు పాశ్చాత్య ప్రజాస్వామ్యం అతకదన్న ధోరణిలో మాట్లాడితే, కొరియా ప్రజాస్వామ్య నాయకుడు కిమ్ డే-జంగ్ అదే పత్రికలో మెన్షియస్‌ను ముందు పెట్టి బదులిచ్చారు. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది ఒకే సంప్రదాయం. పైన చెప్పిన రెండు సగాలకు ఇంతకంటే స్పష్టమైన రుజువు నాకు తెలియదు.

హాంకాంగ్‌లో ప్రధాన భూభాగం నుంచి తరలివచ్చిన పండితులు 1949లో న్యూ ఏషియా కళాశాలను స్థాపించారు. వారిలో ఒకరైన తాంగ్ జున్‌యీ, తైవాన్‌లోని మౌ జోంగ్‌సాన్, షు ఫుగువాన్, అమెరికాలోని జాంగ్ జున్‌మాయ్‌లతో కలిసి 1958 జనవరి 1న ఒక ప్రకటన వెలువరించారు. చైనా సంస్కృతి సజీవంగా ఉందనీ, అది తన లోపలి అవసరం వల్లనే ప్రజాస్వామ్యాన్నీ విజ్ఞానశాస్త్రాన్నీ పెంచుకోవాలనీ వారు వాదించారు. రాజ్యం అండ లేని, కమ్యూనిస్టు పార్టీ నుంచీ చియాంగ్ పార్టీ నుంచీ దూరంగా నిలిచిన ఈ ధోరణిని విలేకరులు తరచు వదిలేస్తారు, అది నాకు బాధ కలిగించే విషయం.

ఇండోనేషియాలో కన్ఫ్యూషియస్ బోధ ఒక మతం. 1965లో సుకర్ణో గుర్తించిన మతాలలో అది ఉంది. 1967 నుంచి సుహార్తో పాలన చైనీయ ఆచారాల బహిరంగ ప్రదర్శనను నిషేధించింది. 2000లో అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ ఆ ఆంక్షను ఎత్తివేశారు. అక్కడ ఆలయంలో ప్రార్థించే అనేకమందికి చైనీస్ భాష రాదు. వారి కన్ఫ్యూషియనిజాన్ని బీజింగ్ పట్ల విధేయతగా చదవడం అన్యాయమే గాక, చరిత్రలో వారిని హింసకు గురిచేసిన అనుమానాన్ని మళ్లీ మోయడం అవుతుంది.

విదేశాంగ విధానానికి వచ్చేసరికి

ఇక్కడ పేరుకూ వస్తువుకూ మధ్య దూరం ఎక్కువ. 2004లో సియోల్‌లో మొదలైన కన్ఫ్యూషియస్ ఇన్‌స్టిట్యూట్లు ప్రధానంగా చైనీస్ భాష నేర్పేవి; ఆ పేరు ఎంచుకోవడానికి కారణం అది ప్రపంచమంతా గౌరవంగా గుర్తుపట్టే చైనా పేరు కావడమే. 2014లో షికాగో విశ్వవిద్యాలయం తన ఒప్పందాన్ని ముగించినప్పుడు జరిగిన చర్చ బోధకుల నియామకం, విద్యా స్వేచ్ఛ గురించి, లున్‌యూ గురించి కాదు. మన దేశంలో ముంబై విశ్వవిద్యాలయంలోనూ, తెలుగు విద్యార్థులు పెద్ద సంఖ్యలో చదివే వెల్లూరులోని విఐటిలోనూ ఇవి ఏర్పడ్డాయి. 2020లో గల్వాన్ ఘర్షణ తరువాత కేంద్రం వీటిని సమీక్షించడానికి పూనుకుంది. ఇటువంటి వార్త చదివేటప్పుడు ఒప్పందంలో ఎవరు డబ్బు పెట్టారు, ఎవరు బోధకులను పంపారు అని అడగండి.

‘వాంగ్‌దావ్’, అంటే ధర్మప్రభువు మార్గం, అనే మాట విన్నప్పుడు మరింత జాగ్రత్త అవసరం. 1924 నవంబరులో కోబె నగరంలో సన్ యాట్‌సెన్ జపానీయులను అడిగాడు: మీరు పాశ్చాత్యుల బలప్రయోగ మార్గానికి వేటకుక్కలవుతారా, తూర్పు ధర్మప్రభువు మార్గానికి రక్షకులవుతారా? ఎనిమిదేళ్లకు జపాన్ సైన్యం మంచూరియాలో నిలబెట్టిన కీలుబొమ్మ రాజ్యం మంచుకువో తనను ‘వాంగ్‌దావ్ స్వర్గం’గా చెప్పుకుంది. నేడు చైనా తత్వవేత్త జావ్ టింగ్‌యాంగ్ ‘ఆకాశం కింద అంతా ఒక్కటే’ అన్న ‘థియెన్‌షియా’ భావనతో ప్రపంచ వ్యవస్థను ఊహిస్తున్నారు. అంతర్జాతీయ సంబంధాల పండితుడు యాన్ షుయెటోంగ్ షున్‌జీ ఆధారంగా నైతిక నాయకత్వం గురించి రాస్తున్నారు. ఇవి గౌరవంతో చదవవలసిన ఆలోచనలు. అయితే ఆ భావనలను రాజ్యం చేతల పక్కన ఉంచి చూడాలి: 2016లో దక్షిణ చైనా సముద్రంపై ఫిలిప్పీన్స్‌కు అనుకూలంగా వచ్చిన మధ్యవర్తిత్వ తీర్పును చైనా తిరస్కరించిన తీరుకు ‘పెద్ద దేశం చిన్న దేశాన్ని సేవించడం’ అన్న మెన్షియస్ మాట ఎలా సరిపోతుంది? చైనీయులకే దీనికి పాత సామెతలాంటి మాట ఒకటి ఉంది, వెలుపల ‘రూ’, లోపల ‘ఫా’ అని. ‘ఫా’ అంటే చట్టం. పైకి కన్ఫ్యూషియస్ పండితుడు, లోన శిక్షాస్మృతిని నమ్మే ప్రాచీన ఆలోచనాపరుడు హాన్ ఫెయ్. మింగ్ కాలపు సైనిక వ్యూహాలను పరిశీలించిన పరిశోధకుడు ఎ.ఐ. జాన్‌స్టన్ 1995లో దాదాపు ఇదే నిర్ధారణకు వచ్చారు.

చివరి పరీక్ష ఏమిటంటే, కన్ఫ్యూషియస్‌ను తీసివేసినా వివరణ నిలుస్తుందా అని చూడడం. వృద్ధులైన తల్లిదండ్రులను పోషించకపోతే పిల్లలపై కేసు వేయడానికి వీలు కల్పిస్తూ 1995లో సింగపూర్ చట్టం చేసింది, దానిని కన్ఫ్యూషియన్ చట్టమని రాయని వ్యాసం అరుదు. భారత పార్లమెంటు 2007లో అటువంటి చట్టమే చేసింది, అక్కడ లున్‌యూ ప్రస్తావన లేదు. అటువంటి చట్టాన్ని వివరించడానికి ముసలితనం, చిన్న కుటుంబాలు, వలసలు చాలు.

ఇదంతా సాధన చేయడానికి ఏటా ఒక రోజు దొరుకుతుంది. సెప్టెంబర్ 28న కన్ఫ్యూషియస్ జయంతి అటు చూఫులోనూ, ఇటు తైపే ఆలయంలోనూ జరుగుతుంది. తైవాన్‌కు అదే ఉపాధ్యాయ దినోత్సవం, ప్రధాన భూభాగంలో మాత్రం ఉపాధ్యాయ దినోత్సవం సెప్టెంబర్ 10న. ఆ రోజు రెండు చోట్లా ఎవరు ప్రసంగించారు, ఏ వాక్యాన్ని ఎంచుకున్నారు అని వార్తల్లో వెతికి, ఆ వాక్యం దగ్గర పుస్తకం తెరిచి, తరువాతి వరుస చదవండి.